వారాల తరబడి తెరిచి ఉంచితే కోడ్ ఎడిటర్‌లో టెర్మినల్ రావట్లేదు, ఫైల్ సేవ్ కూడా కావట్లేదు. లీక్ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న · బ్రాడీపేట, గుంటూరు

మిర్చి యార్డులో కమిషన్ కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, రైతుకిచ్చే పట్టీ, హమాలీ కూలి, కమిషన్, కొన్నవాళ్ల బాకీలు అన్నీ ఒకే ప్రోగ్రాములో ఉంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు విపరీతంగా దిగుతుంది. ఆ రోజుల్లో నా లాప్‌టాప్‌కి షట్‌డౌన్ అనేదే ఉండదు. పని అయ్యాక మూత వేస్తాను, పొద్దున్నే తీస్తాను. అందులో కోడ్ ఎడిటర్ కూడా వారాల తరబడి తెరిచే ఉంటుంది. ఉబుంటు, 16 జీబీ ర్యామ్.

మొదట్లో అంతా బాగానే ఉంటుంది. కొన్ని వారాలు గడిచాక ఎడిటర్ కింద ఉండే టెర్మినల్ ప్యానెల్‌లో కొత్త ట్యాబ్ తెరుచుకోదు. 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అని ఒక చిన్న మెసేజ్ వచ్చి పోతుంది. తర్వాత గిట్ (కోడ్ మార్పుల చరిత్ర) ప్యానెల్ ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేది అసలు టెన్షన్: ఫైల్ సేవ్ కాదు. కొట్టులో గుమస్తా ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తుంటాడు, పట్టీలో పైసల రౌండింగ్ ఒక్కటి సరిచేసి పంపితే చాలు, కానీ సరిచేసిన లైను డిస్కు మీదికి వెళ్లదు. అదే సమయంలో బయట టెర్మినల్ యాప్ తెరిస్తే హాయిగా తెరుచుకుంటుంది, బ్రౌజరూ నడుస్తుంది. జబ్బు ఎడిటర్‌కే ఉంది. మూసి తెరిస్తే మళ్లీ కొన్ని వారాలు ఏ గొడవా ఉండదు.

ర్యామ్ చూశాను, సగం ఖాళీగానే ఉంది. నెట్‌లో చాలామంది ఇనోటిఫై (ఫైళ్లు మారాయేమో కనిపెట్టే లినక్స్ సదుపాయం) వాచ్‌ల పరిమితి పెంచమంటే పెంచాను, ఏ మార్పూ లేదు. రోజూ రాత్రి ఎడిటర్ మూసేయమని ఒక ఫ్రెండ్ అన్నాడు. అది నాకు నచ్చలేదు. ఏ పని చేస్తే ఏది పెరుగుతోందో తెలియకుండా రోజూ మూసి తెరవడం పరిష్కారమని నేననుకోను. రోజుకి చాలాసార్లు 'రన్ టాస్క్' నొక్కుతాను, ప్రతిసారీ కొత్త టెర్మినల్ ట్యాబ్ వస్తుంది, పని అవగానే ఆ ట్యాబ్ మూసేస్తాను. అనుమానం అక్కడే ఉంది కానీ రుజువు లేదు. దాన్ని కళ్లతో చూసే పద్ధతి ఎవరైనా చెప్పగలరా?

జవాబు · గొల్లపూడి

యులిమిట్ (ఒక ప్రాసెస్ ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవొచ్చనే పరిమితి) పెంచేయండి బ్రదర్. మామూలుగా సాఫ్ట్ పరిమితి (ప్రస్తుతం అమలయ్యేది, దీన్ని హార్డ్ పరిమితి దాకా పెంచుకోవచ్చు) 1024 ఉంటుంది, దాన్ని 65536 చేసి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. నేను మూడేళ్లుగా అలాగే నడుపుతున్నాను, ఎప్పుడూ ఆగలేదు.

జవాబు · పటమట, విజయవాడ

సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది, ఈ రకం లీకులు తరచుగా చూస్తుంటాను. పైన గొల్లపూడి మిత్రుడు చెప్పిన దానితో మీ సీజన్ గడిచిపోవచ్చు. కానీ లీక్ అలాగే ఉండి, ఇంకోచోట ఇంకా పెద్దగా బయటపడుతుంది. అదెలాగో చివర్లో చెప్తాను.

ముందు టెర్మినల్ ట్యాబ్ తెరిస్తే లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఎడిటర్ కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని) ఒక సూడో టెర్మినల్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన టెర్మినల్) అడుగుతుంది. దానికి రెండు చివరలు. డెవ్ డైరెక్టరీలోని పీటీఎమ్‌ఎక్స్ అనే ఫైల్ తెరిస్తే మాస్టర్ చివర వస్తుంది, అది ఎడిటర్ దగ్గర ఉంటుంది. రెండో చివర, అంటే స్లేవ్, పీటీఎస్ డైరెక్టరీలో ఒక నంబరుతో కనిపిస్తుంది, దాన్ని బాష్ లాంటి షెల్‌కి (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాముకి) ఇస్తారు. మీరు టైప్ చేసింది మాస్టర్‌లోకి రాస్తే షెల్‌కి చేరుతుంది, షెల్ చెప్పింది మాస్టర్ నుంచి చదివి ఎడిటర్ తెర మీద వేస్తుంది. మీరు ట్యాబ్ మూసినప్పుడు రెండు పనులు జరగాలి. షెల్ ప్రాసెస్ పోవాలి, ఎడిటర్ తన మాస్టర్ చివరను మూసేయాలి. మొదటిది జరిగి రెండోది జరగకపోయినా మీకు తెర మీద తేడా కనిపించదు. ట్యాబ్ పోయింది, షెల్ పోయింది, అంతా శుభ్రంగానే ఉందనిపిస్తుంది. ఎడిటర్ ప్రాసెస్ ఖాతాలో మాత్రం ఒక డిస్క్రిప్టర్ (తెరిచిన ప్రతి ఫైలుకీ కెర్నల్ ఇచ్చే నంబరు) నిలిచిపోతుంది. యార్డులోంచి లారీ వెళ్లిపోయినా గేటు పుస్తకంలో లోపలే ఉన్నట్టు రాసి ఉన్నట్టు.

అలా ఒక్కొక్కటీ చేరి 1024కి వచ్చాక ఆ ప్రాసెస్ ఇక ఏ ఫైలూ తెరవలేదు. సేవ్ అంటే కూడా ఫైల్ తెరవడమే కదా, అందుకే సేవ్ ఆగింది. గిట్ ప్యానెల్‌కి గిట్‌ని నడపాలంటే పైపులు కావాలి, పైపులకీ డిస్క్రిప్టర్లే కావాలి, అందుకే అది ఖాళీ. ఈ పరిమితి ప్రాసెస్‌కి విడివిడిగా ఉంటుంది కాబట్టి మీ బ్రౌజర్‌కి ఏమీ కాలేదు. మీరు రాసిన లక్షణాలన్నీ దీనికి అతికినట్టు సరిపోతున్నాయి.

కళ్లతో చూడటం సులువే. ఎడిటర్ ప్రాసెస్ నంబరు కనుక్కోండి. ఇప్పటి ఎడిటర్లు చాలావరకు ఒకటి కాదు, నాలుగైదు ప్రాసెస్‌లుగా నడుస్తాయి, టెర్మినళ్లు చూసుకునేది వాటిలో ఒకటే ఉంటుంది. ప్రాక్ డైరెక్టరీలో ఆ నంబరు కింద ఎఫ్‌డీ అనే డైరెక్టరీ ఉంటుంది, తెరిచి ఉన్న ప్రతి డిస్క్రిప్టరూ అక్కడ ఒక లింక్. పీటీఎమ్‌ఎక్స్ అని ఉన్న లైన్లు ఎన్నో లెక్కపెట్టండి. తెర మీద మూడు ట్యాబ్‌లు ఉండి అక్కడ మూడు వందల లైన్లుంటే మీ అనుమానం నిజం. టాస్క్ ఒకసారి నడిపి, ట్యాబ్ మూసి, మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి పెరిగి తగ్గకపోతే ఇక రుజువు వెతకక్కర్లేదు.

అక్కడితో ఆగకండి. ఆ మాస్టర్లన్నీ ఒకే కారణంతో నిలిచి ఉండకపోవచ్చు. ఎఫ్‌డీ పక్కనే ఎఫ్‌డీ ఇన్ఫో అనే డైరెక్టరీ ఉంటుంది. అందులో అదే నంబరుతో ఉన్న ఫైల్ చదివితే టీటీవై ఇండెక్స్ అని ఒక అంకె వస్తుంది. ఆ మాస్టర్‌కి జత అయిన పీటీఎస్ నంబరు అదే. ఇప్పుడు ఫ్యూజర్ కమాండ్‌తో ఆ పీటీఎస్‌ని ఎవరైనా పట్టుకుని ఉన్నారేమో అడగండి. ఎవరూ లేరంటే ఎడిటర్ మూయడం మర్చిపోయింది, అది నికరమైన లీక్. ఎవరో ఉన్నారంటే కథ వేరు. షెల్ పోయినా, అది పుట్టించిన బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ ఏదో ఆ చివరను ఇంకా పట్టుకుని ఉంది. స్లేవ్ చివరను అందరూ వదిలితేనే లినక్స్‌లో మాస్టర్ చదివేవాళ్లకి ఈఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్) ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ వచ్చాకే మూద్దామని రాసుకున్న ఎడిటర్ అయితే ఎదురుచూస్తూనే ఉంటుంది. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్‌కి టెర్మినల్ నంబరు ఇచ్చి వెతికితే ఇలాంటివి కొన్ని తప్పిపోతాయి. సెట్‌సిడ్‌తో మొదలైన ప్రాసెస్‌కి ఆ టెర్మినల్‌తో అధికారికంగా సంబంధం తెగిపోతుంది, డిస్క్రిప్టర్ మాత్రం చేతిలోనే ఉంటుంది. అందుకే ఫ్యూజర్ అన్నాను.

ఇక పరిమితి పెంచడం గురించి. ప్రాసెస్‌కి 65536 ఇచ్చారనుకోండి, అప్పుడు ఆగేది అక్కడ కాదు. లినక్స్ కెర్నల్‌లో సూడో టెర్మినళ్లకి వేరే లెక్క ఉంది, మామూలుగా మొత్తం మెషీన్‌కి 4096. ప్రాక్‌లో సిస్, కెర్నల్, పీటీవై అనే దారిలో మ్యాక్స్, ఎన్‌ఆర్ అని రెండు ఫైళ్లుంటాయి. మొదటిది పరిమితి, రెండోది ప్రస్తుతం వాడకంలో ఉన్నవి. ఎడిటర్ ఒక్కటే అవన్నీ తినేస్తే ఇబ్బంది ఎడిటర్‌తో ఆగదు. బయట టెర్మినల్ యాప్ తెరుచుకోదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వచ్చేవాళ్లకి కూడా టెర్మినల్ దొరకదు. అప్పుడొచ్చే మెసేజ్ 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. అది చూసి జనం డిస్కు ఖాళీ చేస్తూ కూర్చుంటారు. ఇనోటిఫై వాచ్‌లు అయిపోయినా ఇదే మెసేజ్ వస్తుంది. అందుకే నెట్‌లో ఈ రెండూ కలిసిపోయి, అందరికీ ఒకే మందు రాస్తున్నారు.

మీ మెషీన్‌లో పని మధ్యలో ఆగిపోతే పీఆర్‌లిమిట్ అనే కమాండ్ ఉంది. నడుస్తున్న ప్రాసెస్ పరిమితిని మూయకుండానే పెంచుతుంది. సేవ్ కాని ఫైల్ చేతిలో ఉన్నప్పుడు దానితో పెంచి, సేవ్ చేసుకుని, తర్వాత తాపీగా మూయండి. అంతవరకే దాని ఉపయోగం.

జవాబు · మొగల్రాజపురం, విజయవాడ

నేను మాక్ వాడతాను, అక్కడి అంకెలు వేరు కాబట్టి రాస్తున్నాను. డాక్ నుంచి తెరిచిన యాప్‌కి సాఫ్ట్ పరిమితి మామూలుగా 256. చాలా ఎడిటర్లు మొదలవగానే తమ పరిమితిని తామే పెంచుకుంటాయి, కాబట్టి 256 దగ్గర ఆగకపోవచ్చు. అప్పుడు తగిలేది సూడో టెర్మినళ్ల పరిమితి, మామూలుగా 511, కెర్న్ డాట్ టీటీవై డాట్ పీటీఎమ్‌ఎక్స్ మ్యాక్స్ అని సిస్‌సీటీఎల్ కమాండ్‌లో కనిపిస్తుంది. ఇలాంటి లీక్ లినక్స్ కంటే మాక్‌లో ముందే బయటపడటానికి కారణం ఇదే. ప్రాక్ డైరెక్టరీ లేదు కాబట్టి, తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కి ప్రాసెస్ నంబరు ఇచ్చి పీటీఎమ్‌ఎక్స్ లైన్లు లెక్కపెట్టుకోవాలి. మిగతాదంతా పటమట అన్న చెప్పిందే.

ప్రశ్న అడిగినవారు

పటమట అన్నా, చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే చూశాను. ఎడిటర్ తెరిచి చాలా రోజులైంది, పైన కనిపించే ట్యాబ్‌లు రెండు, ఎఫ్‌డీలో పీటీఎమ్‌ఎక్స్ లైన్లు ఆరు వందలు దాటి ఉన్నాయి. తెర నిండా అదే పేరు వరుసగా కిందికి పోతుంటే చూడటానికే భయం వేసింది. టాస్క్ నడిపి మూస్తే ఒకటి పెరిగింది, తగ్గలేదు. టాస్క్ కాకుండా నేనే చేత్తో టెర్మినల్ తెరిచి, ఎగ్జిట్ కొట్టి మూస్తే మాత్రం పెరిగినది మళ్లీ తగ్గింది. అంటే లీక్ టాస్క్ దారిలోనే ఉంది, మామూలు టెర్మినల్ దారిలో లేదు.

ఇండెక్స్ తీసి ఫ్యూజర్‌తో అడిగితే రెండు గుంపులు తేలాయి. ఎక్కువ వాటికి అవతల ఎవరూ లేరు. కొన్నింటికి మాత్రం తూకం సిమ్యులేటర్ పట్టుకుని ఉంది. అది కాటా అమ్మినవాళ్లు ఇచ్చిన చిన్న ప్రోగ్రాం, కాటా లేకుండానే తూకాలు పంపిస్తుంది, టెస్టింగ్‌కి వాడతాను. అది సెట్‌సిడ్‌తో విడిపోయి బతికే రకం, కానీ తన ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ టెర్మినల్ మీదే ఉంచుకుంటుంది. దాన్ని మొదలుపెట్టే లైనులో ఇన్‌పుట్ డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) నుంచి, అవుట్‌పుట్టూ ఎర్రర్లూ లాగ్ ఫైల్‌లోకి వెళ్లేలా మార్చాను. ఆ గుంపు ఇక పెరగట్లేదు.

మొదటి గుంపు సంగతి ఎడిటర్ చేసినవాళ్లే చూడాలి. వాళ్లకి రిపోర్ట్ రాద్దామనుకుంటున్నాను. కానీ 'చాలా వారాలు వాడితే వస్తుంది' అని రాస్తే ఎవరు పట్టించుకుంటారు? వాళ్ల దగ్గర అన్ని వారాలు ఎవరూ కూర్చోరు కదా.

జవాబు · లక్ష్మీపురం, గుంటూరు

ఇంజినీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్తాను. వారాలు కూర్చోవాల్సిన పని లేదు, పరిమితిని తగ్గించండి. ఒక టెర్మినల్‌లో యులిమిట్‌తో డిస్క్రిప్టర్ల సంఖ్య తగ్గించి, అదే టెర్మినల్ నుంచి ఎడిటర్‌ని మొదలుపెట్టండి. ముందు కొత్తగా తెరిచిన ఎడిటర్ ఎన్ని వాడుతోందో లెక్కపెట్టుకుని, దానికి ఒక యాభై కలిపి పరిమితిగా పెట్టండి. బాష్‌లో యులిమిట్‌కి హార్డ్, సాఫ్ట్ అని ప్రత్యేకంగా చెప్పకపోతే రెండూ కలిసి తగ్గుతాయి. అలాగే కావాలి మనకు, ఎందుకంటే ఎడిటర్ తన సాఫ్ట్ పరిమితిని హార్డ్ దాకా పెంచుకునే రకమైతే ఆ దారి కూడా మూసినట్టవుతుంది. ఇప్పుడు టాస్క్‌ని ఒక యాభైసార్లు నడిపితే అదే ఎర్రర్ టీ తాగేలోపు వస్తుంది. ఇలా రాస్తే వాళ్లలో ఎవరైనా తమ మెషీన్‌లో వెంటనే చూసుకోగలరు. నా విద్యార్థులకి డిస్క్రిప్టర్ లీక్ పాఠం ఇలాగే చేయిస్తాను, పరిమితి 64 పెట్టి. పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా ఎక్కనిది ఒక్క ల్యాబ్‌లో ఎక్కుతుంది.

మీరు ఇంకొకటి కూడా చూడాలి. ఎడిటర్ దగ్గరే కాదు, మీ షెల్ ప్రాసెస్‌ల ఎఫ్‌డీలో కూడా పీటీఎమ్‌ఎక్స్ ఉందేమో వెతకండి. మామూలు షెల్ దగ్గర అది ఉండకూడదు. ఉందంటే, ఎడిటర్ రెండో షెల్‌ని పుట్టించేటప్పుడు మొదటి దాని మాస్టర్ వారసత్వంగా దానికి వెళ్లిపోయిందన్నమాట. ఫోర్క్ (ప్రాసెస్ తన నకలుగా ఇంకో ప్రాసెస్‌ని పుట్టించడం) అయిన బిడ్డకి తల్లి డిస్క్రిప్టర్లన్నీ వస్తాయి. ఎగ్జెక్ (ఆ ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రాం ఎక్కించడం) అయ్యేటప్పుడు మూసేయమని క్లోజ్ ఆన్ ఎగ్జెక్ గుర్తు పెట్టినవే పోతాయి. ఫైల్ తెరిచేటప్పుడే ఆ గుర్తు పెట్టే వీలు లినక్స్‌కి 2.6.23తో, 2007లో వచ్చింది. అంతకుముందు తెరిచాక విడిగా పెట్టాల్సి వచ్చేది, ఆ రెండు పనుల మధ్య వేరే థ్రెడ్ ఫోర్క్ చేస్తే డిస్క్రిప్టర్ జారిపోయేది. ఇప్పటికీ పాత పద్ధతిలో రాసిన కోడ్ ఉంది. అలా జారినప్పుడు ఎడిటర్ తన మాస్టర్‌ని సరిగ్గా మూసినా ఫలితం ఉండదు. అదే చివరకు ఇంకో కాపీ వేరే షెల్ దగ్గర తెరిచే ఉంటుంది కాబట్టి కెర్నల్ హ్యాంగప్ (టెర్మినల్ పోయిందని చెప్పే) సిగ్నల్ పంపదు, అవతలి షెల్, దాని కింద నడుస్తున్న సర్వర్ అలాగే మిగిలిపోతాయి. 'ట్యాబ్ మూసేశాను, అయినా పోర్టు వాడకంలో ఉందంటోంది' అని పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. అలాంటి కొన్నింటికి కారణం ఇదే.

పైథాన్ వాళ్లు 3.4 నుంచి కొత్త డిస్క్రిప్టర్లన్నీ వారసత్వంగా వెళ్లకుండా మార్చారు. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది. గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనిని భాషే తన మీద వేసుకుంది.

జవాబు · పటమట, విజయవాడ

మేడమ్ చెప్పిన పరిమితి తగ్గించే పద్ధతి చాలా మంచిది. రిపోర్ట్‌లో దానికి తోడు ఇంకో రెండు పెట్టండి తమ్ముడూ. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి అదే పరీక్ష చేయండి, లేకపోతే మొదటి జవాబే 'ఎక్స్‌టెన్షన్లు ఆపి చూశారా' అని వస్తుంది, దానికే వారం పోతుంది. ఎడిటర్ పాత వెర్షన్ ఒకటి పక్కన దించి దానిలోనూ చూడండి. ఏ వెర్షన్ నుంచి మొదలైందో తెలిస్తే వెతికే కోడ్ పదో వంతుకి తగ్గిపోతుంది.

సాధారణంగా ఇలాంటి లీక్ ఎలా పుడుతుందంటే, మాస్టర్‌ని చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి అని డిస్క్రిప్టర్‌కి నకలు తీస్తారు. ట్యాబ్ మూసినప్పుడు ఒక నకలు మూసి ఇంకోటి వదిలేస్తారు. లేదా పని పూర్తయిన టాస్క్‌ని చరిత్ర జాబితాలో దాచుకుంటారు, ఆ వస్తువు లోపల టెర్మినల్ కూడా బతికే ఉంటుంది. చేత్తో తెరిచిన టెర్మినల్ బాగుండి టాస్క్ దారిలోనే లీకవుతోందన్నారు కాబట్టి నాకైతే రెండోదాని మీద అనుమానం. ఆ తేడాని రిపోర్ట్ మొదటి లైనులోనే రాయండి, మిగతా అన్నిటికంటే విలువైన ఆధారం అదే.

ఎల్‌ఎస్‌ఓఎఫ్ అవుట్‌పుట్ యథాతథంగా అంటించొద్దు. అందులో ఫైళ్ల దారులన్నీ ఉంటాయి, కొట్ల పేర్లతో ఫోల్డర్లు ఉంటే అవీ బయటికి పోతాయి. పీటీఎమ్‌ఎక్స్ లైన్లు, వాటి లెక్క పెడితే చాలు.

ప్రశ్న అడిగినవారు

మేడమ్, మీరు చెప్పినట్టు పరిమితి తగ్గించి చూస్తే నిజంగానే కొన్ని నిమిషాల్లోనే అదే మెసేజ్, అదే వరుసలో వచ్చింది. ముందు టెర్మినల్, తర్వాత గిట్, చివరికి సేవ్. ఎక్స్‌టెన్షన్లు ఆపినా వచ్చింది. కిందటి పెద్ద వెర్షన్‌లో రాలేదు, అక్కడ టాస్క్ మూయగానే లెక్క మళ్లీ మొదటికి వస్తోంది. షెల్‌ల దగ్గర కూడా వెతికాను, వాటిలో పీటీఎమ్‌ఎక్స్ ఒక్కటీ లేదు, కాబట్టి వారసత్వం గొడవ నా ఎడిటర్‌లో లేదు.

ఇవన్నీ రాసి రిపోర్ట్ పంపాను. అదే పరీక్ష తమ మెషీన్‌లో చేసి చూస్తే తమకూ వచ్చిందని వాళ్లలో ఒకరు జవాబిచ్చారు. సవరణ వచ్చేదాకా టాస్క్‌లు ఎడిటర్‌లో నడపకుండా బయట టీమక్స్ అనే టెర్మినల్ ప్రోగ్రాములో నడుపుకుంటున్నాను. పది నిమిషాలకోసారి ఎడిటర్ డిస్క్రిప్టర్ల లెక్కని టైముతో సహా ఒక ఫైల్‌లో రాసే చిన్న స్క్రిప్టు కూడా పెట్టాను. ఎనిమిది వందలు దాటితే తెర మీద హెచ్చరిస్తుంది. సరుకు ఎక్కువగా దిగే సాయంత్రాల్లో సేవ్ ఆగకూడదు, నాకు అన్నిటికంటే ముఖ్యం అది.

గొల్లపూడి బ్రదర్, మీ మెషీన్‌లో పీటీవై కింద ఎన్‌ఆర్ ఫైల్ ఒకసారి చదివి ఇక్కడ పెడతారా? మూడేళ్లుగా ఆగలేదన్నారు కాబట్టి అడుగుతున్నాను.

జవాబు · గొల్లపూడి

ఇప్పుడే చూశాను. 1900 పైన ఉంది. తెర మీద ఉన్నవి నాలుగు ట్యాబ్‌లు. నాదీ అదే ఎడిటర్, అదే వెర్షన్. మీ రిపోర్ట్ లింక్ ఇవ్వండి, నా లెక్క కూడా దాని కింద రాస్తాను.